పేగులో రక్తస్రావానికి ఎంబలైజేషన్: కాయిలా, గ్లూనా, ఏది మేలు?

వయసు పైబడినవారిలో పెద్దపేగు కుడివైపు, ముఖ్యంగా సీకమ్‌లో (పెద్దపేగు మొదలయ్యే చోటు), సన్నని రక్తనాళాలు ఉబ్బి వంకర్లు తిరుగుతాయి. ఇదే యాంజియోడిస్‌ప్లాసియా. రక్తం కారితే మొదట కొలనోస్కోపీలో (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపే పరీక్ష) ఆర్గాన్ ప్లాస్మాతో, అంటే విద్యుత్తుతో వేడెక్కిన ఆర్గాన్ వాయువుతో, కాల్చి చూడాలి. సీకమ్ గోడ పలచన, పవర్ పెంచితే చిల్లు పడుతుంది. రక్తం ధారగా పోతూ స్కోపులో ఏమీ కనబడకపోతే అప్పుడు ఎంబలైజేషన్, అంటే రక్తనాళంలోకి సన్నని గొట్టం (క్యాథటర్) పంపి కారే నాళాన్ని లోపలినుంచే మూసేయడం.

దానికి ముందు సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాలను చూపే స్కాన్) తీయించాలి. నిమిషానికి 0.3–0.5 మి.లీ. కారినా సీటీ పట్టుకుంటుంది, క్యాథటర్ యాంజియోకు 0.5–1 మి.లీ. కావాలి. ఈ జబ్బులో రక్తం ఆగి ఆగి పడుతుంది. అందుకే కారుతున్నప్పుడే క్యాథ్‌ల్యాబ్‌కు (ఎంబలైజేషన్ చేసే గది) చేర్చాలి, ఆగాక వెళ్తే లీకు కనబడదు.

మైక్రోక్యాథటర్‌ను (మరీ సన్నని క్యాథటర్) పేగు గోడను అంటిన చివరి కొమ్మ, వాసా రెక్టా దాకా, లేదా వీలైనంత దగ్గరకు నడిపాకే ఏది వాడాలన్న ప్రశ్న.

కాయిల్ (సన్నని లోహపు తీగచుట్ట) ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది, ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడుతుంది. నాళం కంటే కాస్త పెద్ద సైజు తీసుకోవాలి. మరీ పెద్దదైతే చుట్టుకోకుండా వెనక్కి జరిగి పెద్ద కొమ్మను మూసేస్తుంది, చిన్నదైతే ప్రవాహంలో కొట్టుకుపోతుంది. అసలు లోపం వేరే ఉంది: నాళం పూర్తిగా మూసుకోవాలంటే రక్తం గడ్డకట్టాలి. ప్లేట్‌లెట్లు పడిపోయినవారిలో, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం కొలత) పెరిగినవారిలో కాయిల్ పెట్టినా రక్తం దాని సందుల్లోంచి పోతూనే ఉంటుంది. పైగా మళ్లీ కారితే అదే దారిన వెళ్లలేం.

గ్లూ అంటే నాళంలో గట్టిపడే జిగురు ద్రవం, దానికి రక్తం గడ్డకట్టే గుణంతో పని లేదు. నాళం మెలికలు తిరిగి క్యాథటర్ చివరిదాకా వెళ్లకపోయినా గ్లూ వెళ్తుంది. లిపియోడాల్ (ఎక్స్‌రేలో కనబడే నూనె) కలిపి ఇస్తారు, అది ఎక్కువైతే గ్లూ నెమ్మదిగా గట్టిపడి ఇంకా దూరం పోతుంది. క్యాథటర్‌ను ముందుగా 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తోనే కడగాలి. సెలైన్ తగిలితే లోపలే గట్టిపడుతుంది. ఇచ్చిన వెంటనే క్యాథటర్ లాగకపోతే కొస అతుక్కుపోతుంది. వెనక్కి పొంగితే పక్క కొమ్మలూ మూసుకుని పేగు ముక్క కుళ్లే ప్రమాదం.

పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) రేణువులు మూడో దారి. 300–500 మైక్రాన్లకు తగ్గకూడదు, మరీ సన్నవైతే గోడ లోపలి సన్ననాళాల వలలోకి దిగి పేగుకు రక్తం అందదు.

పెద్దపేగుకు రక్తం వచ్చే ప్రత్యామ్నాయ దారులు తక్కువ, పక్క కొమ్మలు మూసుకోకూడదు. కాబట్టి గడ్డకట్టే గుణం బాగుండి, కొమ్మ దాకా చేరగలిగితే మా ఓటు కాయిల్‌కే. లివర్ దెబ్బతిన్నవారికి, రక్తం పలచన చేసే మందుల మీద ఉన్నవారికి, గ్లూలో చేయి తిరిగిన డాక్టరుంటే, గ్లూ. తర్వాత రెండు రోజులు కడుపునొప్పి, జ్వరం, రక్తంలో లాక్టేట్ (పేగుకు రక్తం అందకపోతే పెరగొచ్చు) గమనించాలి. యాంజియోడిస్‌ప్లాసియాకు చాలా కొమ్మలు రక్తం తెచ్చిపెడతాయి, మళ్లీ కారడం మామూలే. రక్తం ఆగి మనిషి కుదుటపడ్డాక మరోసారి కొలనోస్కోపీ చేయించి, మిగిలినవాటిని కాల్పించుకోవాలి.