ఉలక్ కరంగ్‌లో ఐదేళ్లు: పడాంగ్‌లో ఇల్లు వెతికేవాళ్ల కోసం

మా ఆయన ఉద్యోగం మీద 2019 జూన్‌లో ఇండోనేషియాలోని పడాంగ్ వచ్చాం. 2024 జూలైలో సామాను సర్దుకుని బయల్దేరాం. ఈ ఐదేళ్లూ ఒకే వీధిలో, ఒకే ఇంట్లో ఉన్నాం. ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఫోన్ చేసి "అక్కా, ఏ ఏరియాలో ఇల్లు తీసుకోమంటావు?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

సుమత్రా దీవి పడమటి ఒడ్డున ఉన్న పడాంగ్, పశ్చిమ సుమత్రా రాష్ట్రానికి రాజధాని. ఊరికి ఉత్తరాన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న పేట ఉలక్ కరంగ్. బుంగ్ హత్తా విశ్వవిద్యాలయం అక్కడే, ఒడ్డు మీదే ఉంది. మెయిన్ రోడ్డు మీద రద్దీ ఉంటుంది కానీ, రెండు సందులు లోపలికి వెళితే మధ్యాహ్నం పూట కోళ్ల అరుపులు తప్ప ఏమీ వినపడదు. అజాన్ మాత్రం ఐదు పూటలా వినిపిస్తుంది. తెల్లవారుజామున వినపడే ఆ మొదటి పిలుపుతోనే నాకు నిద్ర లేవడం అలవాటైపోయింది.

ఇంత నిశ్శబ్దానికి కారణం నాకు రెండో ఏడుకి గానీ అర్థం కాలేదు. ఇక్కడివాళ్లు మినాంగ్‌కబావు జనం. వయసొచ్చిన మగపిల్లలు జకార్తాకో మరో ఊరికో సంపాదనకు వెళ్లడం వాళ్ల ఆచారం. దాన్ని 'మెరంతావ్' అంటారు. అందుకే మా వీధిలో సగం ఇళ్లలో అమ్మమ్మలు, మనవలే కనిపించేవారు. రంజాన్ పండక్కి మాత్రం వీధి నిండా వేరే ఊళ్ల నంబరు ప్లేట్లే. ఆస్తి తల్లి నుంచి కూతురికి వస్తుంది కాబట్టి మా ఇంటి బేరం కూడా ఓనరమ్మతోనే జరిగింది. ఆవిడ భర్త మాకు టీ ఇచ్చి కూర్చున్నారే గానీ అద్దె విషయంలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇంకో సంగతి, అద్దె నెలనెలా కాదు, ఏడాదిది మొత్తం ముందే కట్టాలి. చేతిలో అంత డబ్బు ఉంచుకుని రండి.

కొన్ని ఇళ్లకు కలిపి ఒక పెద్ద ఉంటారు, ఆయన్ని 'పాక్ ఆర్‌టీ' అంటారు. చుట్టాలు వచ్చి రాత్రి ఉంటే 24 గంటల్లోగా ఆయనకు చెప్పాలి. మొదట్లో ఇదేంటి, మన మీద నిఘానా అని నాకు టెన్షన్‌గా ఉండేది. తర్వాత నాకు జ్వరమొచ్చి మా ఆయన ఊళ్లో లేనప్పుడు, రెండు రోజులు గేటు తియ్యలేదని గమనించి పాక్ ఆర్‌టీయే భార్యను పంపారు. ఆవిడ గిన్నెతో గంజి తెచ్చింది. అప్పటినుంచి ఆవిడ నాకు 'ఉని', అంటే అక్క. కొన్ని ఆదివారాలు 'గోరో' ఉండేది, అంటే వీధంతా కలిసి కాలవలు తియ్యడం. తప్పకుండా వెళ్లండి, పరిచయాలన్నీ అక్కడే అవుతాయి.

తిండి విషయంలో మనవాళ్లకు పెద్ద ఇబ్బంది ఉండదు. పడాంగ్ జనానికి మెతుకు మెతుక్కీ అంటుకునే అన్నం నచ్చదు, మనలాగే పొడిగా ఉండాలి. సొలొక్ బియ్యం అడగండి. పచ్చిమిరపకాయలు ఉడికించి కచ్చాపచ్చాగా నూరే 'లాడో ఇజావు' చూస్తే మన రోటి పచ్చడే అనుకుంటారు. అయితే శాకాహారులు జాగ్రత్త, అందులో చిన్న ఎండుచేపలు వేస్తుంటారు. కొబ్బరిపాలతో వండే పనసకాయ కూరలో కూడా కొన్నిచోట్ల మాంసం ముక్కలుంటాయి, అడిగి తినండి. చేపల పులుసులో 'రుకు రుకు' అని ఒక ఆకు వేస్తారు, మన తులసి జాతిదే. మొదటిసారి ఆ వాసన తగలగానే గరిటె కింద పెట్టేశాను. కోట దగ్గర దణ్ణం పెట్టుకునే ఆకు కదా, అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది. పేట బజారులో చింతపండు, పెసలు ఉంటాయి. కందిపప్పు మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోవాల్సిందే.

బస్సులు, రైలు పర్వాలేదు. 2014లో మొదలైన ట్రాన్స్ పడాంగ్ బస్సులో పెద్ద బజారుకు హాయిగా వెళ్లొచ్చు.

వాన గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. ఇక్కడ ఎండాకాలం, వానాకాలం అని విడిగా ఉండవు. సాయంత్రం మొదలైతే తెల్లారేదాకా కురిసిన రోజులు ఎన్నో. పేట పల్లంలో ఉంది కాబట్టి ఐదేళ్లలో మూడుసార్లు వరండాలోకి నీళ్లొచ్చాయి. బట్టలకు, చెప్పులకు బూజు పడుతుంది. ఉప్పుగాలికి ఏసీ బయటి పెట్టె రెండేళ్లకే తుప్పు పట్టింది. దోమలూ ఎక్కువే.

అన్నిటికంటే ముఖ్యమైనది భూకంపం. 2009 సెప్టెంబరు 30 సాయంత్రం 7.6 తీవ్రతతో వచ్చిన భూకంపంలో ఈ రాష్ట్రంలో 1,100 మందికి పైగా చనిపోయారు. మా ఓనరమ్మ ఇంటి ముందు భాగం అప్పుడే కూలింది. తర్వాత కాలమ్స్, బీములు వేయించి కట్టిన చోటు మాకు చేత్తో తట్టి మరీ చూపించింది. ఒడ్డుకు ఎదురుగా మెంతావాయ్ దీవుల దగ్గర సముద్రం అడుగున పెద్ద భ్రంశం, అంటే భూమి పొరల్లో పగులు, ఉంది. అక్కడ పెద్ద భూకంపం వస్తే సునామీ అల ఒడ్డు చేరడానికి 20 నుంచి 30 నిమిషాలే ఉంటుందంటారు. అందుకే ఊరి రోడ్ల మీద అడ్డంగా నీలం గీతలు గీశారు. గీత దాటితే క్షేమం. ఇల్లు తీసుకున్న వారంలోనే ఆ గీత దాకా ఒకసారి నడిచి, ఎన్ని నిమిషాలు పడుతుందో చూసుకోండి.

మేం ఆ పని దాదాపు నాలుగేళ్లు వాయిదా వేశాం. 2023 ఏప్రిల్ 25న తెల్లవారుజామున మూడింటికి మంచం ఊగింది. ఫోన్లో సునామీ హెచ్చరిక వచ్చింది. నాది బందరు. 2004 డిసెంబరు 26న మంగినపూడి ఒడ్డున స్నానాలకు దిగినవాళ్లను లాక్కెళ్లింది కూడా ఈ సుమత్రా సముద్రంలో పుట్టిన అలే. అది గుర్తొచ్చి కాళ్లు చేతులు ఆడలేదు. మా ఆయన కారు తాళాలు వెతుకుతుంటే ఉని గేటు కొట్టింది. "కారు వద్దు, నడవండి" అని మా బాబుని చంకనెత్తుకుని ముందు నడిచింది. సముద్రానికి దూరంగా వెళ్లే ఆలాయ్ వైపు రోడ్డు ఎక్కేసరికి కార్లు బారులు తీరి నిలబడిపోయి ఉన్నాయి. మేం వాటి పక్కనుంచి నడుచుకుంటూ వెళ్లిపోయాం. ఎవరూ తోసుకోలేదు, ముసలివాళ్లను మోటారుసైకిళ్లవాళ్లు ఆగి మరీ ఎక్కించుకున్నారు. పెద్ద అల రాలేదు. ఐదు దాటాక హెచ్చరిక ఎత్తేశారు. వెలుతురొచ్చాక అందరం కలిసి ఇంటికి నడిచొచ్చాం. ఉని మా గేటు దగ్గరే నిలబడి, బాబుని నా చేతికిచ్చి, అప్పుడు ఏడ్చింది. 2009లో తను ఎవరిని పోగొట్టుకుందో ఆ రోజే నాకు చెప్పింది.

మళ్లీ పడాంగ్ వెళ్లాల్సి వస్తే ఉలక్ కరంగ్‌లోనే ఉంటారా అని అడిగితే, ఉంటాను. పసిబిడ్డలో, నడవలేని పెద్దవాళ్లో ఇంట్లో ఉన్నవాళ్లు మాత్రం సముద్రానికి దూరంగా, కొండల వైపు తీసుకోండి. ఇక్కడే తీసుకునేట్టయితే 2009 తర్వాత కట్టిందో, బాగుచేయించిందో కాగితాలు చూపించమనండి, ఎవరూ తప్పుగా అనుకోరు. ఇల్లు చూడ్డానికి పెద్ద వాన పడిన మర్నాడు పొద్దున్నే వెళ్లండి. వంటింటి గోడ మీద నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో తడి మరక చెబుతుంది.