పెద్ద నటుల పేర్లు చూసి ఈ సినిమాకు డబ్బులు పెట్టకండి

నిన్న రాత్రి ఆన్‌లైన్‌లో ఒక సినిమా అద్దెకు తీసుకుని చూశాను, ఆ డబ్బులూ పోయాయి, రెండున్నర గంటల నిద్రా పోయింది. ఇంకొకరివి పోకూడదని రాస్తున్నాను. పోస్టర్ మీద ముగ్గురు గొప్ప నటుల ముఖాలు, కింద వాళ్ల అవార్డుల వరుస, వెనక చర్చి గోపురం, ముందు నెత్తురు అంటిన జపమాల. ఆ ముగ్గురూ నాకు చాలా ఇష్టం. వీళ్లు ఒప్పుకున్నారంటే కథలో ఏదో ఒకటి ఉంటుందిలే అని రివ్యూలు కూడా చూడలేదు. సినిమా పేరు పెట్టడం లేదు కానీ కథ చివరిదాకా చెప్పేస్తున్నాను, మీకు ఎదురైతే గుర్తుపట్టి వదిలేస్తారని.

మొదలు చాలా బాగుంటుంది. రాత్రిపూట ఖాళీ చర్చిలో ఒక క్యాథలిక్ ఫాదర్ దగ్గరికి ఒకడు పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు ఒప్పుకోవడానికి, వస్తాడు. ఇద్దరి మధ్య ఉన్న జాలీ అవతలి నుంచి "ఆ అమ్మాయిని చంపింది నేనే ఫాదర్" అంటాడు. ఫాదర్‌కు నోట మాట రాదు. చెయ్యి మాత్రం అలవాటు ప్రకారం సిలువ గుర్తు వేయడానికి పైకి లేస్తుంది, సగంలో ఆగిపోతుంది. ఆ ఆగిన చెయ్యి దగ్గర కెమెరా కాసేపు అలాగే ఉంటుంది, వేళ్లు వణుకుతుంటాయి. నేను ముందుకు జరిగి కూర్చున్నాను. అక్కడితో అయిపోయే పొట్టి సినిమా అయితే అందరినీ చూడమని చెప్పేదాన్ని.

ఎందుకంటే ఈ కథకు ప్రాణమంతా ఒక్క నియమంలో ఉంది. పాపసంకీర్తనంలో విన్నమాట ఫాదర్ ఎవరికీ చెప్పకూడదు, పోలీసులకైనా, కోర్టుకైనా, తన ప్రాణం మీదికి వచ్చినా సరే. 1215లో క్యాథలిక్ చర్చి పెద్దలు జరిపిన నాలుగో లాటరన్ మహాసభ, ఆ మాట బయటపెట్టిన ఫాదర్‌ను పదవి నుంచి తీసేసి, బతికినన్నాళ్లూ ప్రాయశ్చిత్తం చేసుకోమని కఠినమైన మఠంలో పెట్టాలంది. 1983 నాటి క్యాథలిక్ చర్చి చట్టం, 983వ నిబంధనలో, ఈ రహస్య నియమాన్ని ఎవరూ మీరరాదని చెబుతుంది. నేరుగా బయటపెట్టినవాడికి చర్చి నుంచి వెలివేసే శిక్ష దానంతటదే పడుతుంది. అంటే హంతకుడెవరో తెలిసి కూడా నోరు విప్పలేని మనిషి! ఇంతకంటే టెన్షన్ ఏం కావాలి? 1953లో హిచ్‌కాక్ తీసిన 'ఐ కన్ఫెస్' ఈ ఒక్క ముడి మీదే నడుస్తుంది. హత్యానేరం తన మీదే పడి కోర్టు బోనులో నిలబడ్డా మాంట్‌గోమరీ క్లిఫ్ట్ పాత్ర నోరు విప్పదు.

మరి ఈ సినిమాలో? నలభయ్యో నిమిషంలో ఫాదర్ కారులో డిటెక్టివ్ పక్కన కూర్చుని, కాఫీ తాగుతూ, అంతా చెప్పేస్తాడు. అంతే. బిషప్ అడగడు, ఫాదర్ కుమిలిపోడు, డిటెక్టివ్‌కు కూడా అదేం పెద్ద విషయంలా అనిపించదు. ఆ తర్వాతి సీన్‌లో అదే డిటెక్టివ్, అసలేమీ విననట్టు, "నీకు తెలిసింది చెప్పు" అని ఫాదర్‌ను నిలదీస్తాడు! ఎడిటింగ్‌లో సీన్లు ముందూ వెనకా అయ్యాయేమోనని నేను వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. కాలేదు.

అక్కడి నుంచి కథ ఏ దారిన పోతుందో తీసినవాళ్లకే తెలియదనిపిస్తుంది. శవాల అరచేతుల్లో మేకుల గాయాలు చూపిస్తారు, కాసేపు దయ్యం పట్టిందంటారు, ఒక సిస్టర్‌కు దర్శనాలు వస్తాయి. చివరికి తేలేదేంటంటే చర్చి భూమి అమ్మకం, దాని కోసం ఒక లాయరు చేయించిన హత్యలు. మేకుల గాయాలు ఎందుకో, దర్శనాలు ఏమయ్యాయో ఎవరూ చెప్పరు. ఈస్టర్ పూజ అని చూపించిన సీన్‌లో ఫాదర్ ఊదా వస్త్రాల్లో ఉంటాడు. ఊదా, ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలపు రంగు, ఈస్టర్‌కు తెలుపు వేసుకుంటారు. ఏ చర్చిలో అడిగినా ఒక్క నిమిషంలో చెప్పే సంగతి ఇది. నాకు చిరాకు కాదు, బాధ వేసింది. కొన్ని కోట్ల మంది నమ్మకాన్ని పోస్టర్ మీద పెట్టుకుని, దాని గురించి ఒక్కరిని కూడా అడగలేదన్నమాట.

"అది కావాలనే అస్పష్టంగా వదిలేశారు" అని కొందరు అంటున్నారు. ఒప్పుకోను. 2008లో వచ్చిన 'డౌట్' చూడండి. ఫాదర్ తప్పు చేశాడా లేదా అన్నది ఆఖరిదాకా తేలదు, కానీ ప్రతి సీనూ ఆ ప్రశ్నను ఇంకాస్త బిగిస్తూ పోతుంది. అందులోని నలుగురు నటులకు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. అక్కడ సందేహం మనకు పుడుతుంది. ఇక్కడ తికమక పడుతున్నది కథ రాసినవాళ్లు.

నటుల తప్పు లేదు, ఆ మాట కచ్చితంగా చెప్పాలి. పోస్టర్ మీద మధ్యలో ఉన్న పెద్దావిడ మొత్తం సినిమాలో మూడంటే మూడు సీన్లలో ఉంది. వాటిలో ఒకదాంట్లో చచ్చిపోయిన అమ్మాయి గౌను మడతపెడుతూ ఒక్క డైలాగ్ లేకుండా ఏడిపించింది. అలాంటి మనిషిని పెట్టుకుని ఏం చేయాలో తెలియకపోవడమే నాకు మింగుడు పడటం లేదు.

ఇక డబ్బుల సంగతి. ఇలా అద్దెకు తీసుకునే సినిమాలకు మామూలుగా మొదలుపెట్టడానికి 30 రోజులు, ప్లే నొక్కాక పూర్తి చేయడానికి 48 గంటలు గడువు ఉంటుంది. నేను ఉదయమే కస్టమర్ కేర్‌కు రాశాను. ఒకసారి ప్లే చేశాక డబ్బు వెనక్కి ఇవ్వడం కుదరదన్నారు. మీలో ఎవరైనా ఇప్పటికే అద్దెకు తీసుకుని ఇంకా మొదలుపెట్టకపోతే, ప్లే నొక్కకుండా ముందు రీఫండ్ అడగండి. కొనాలనుకుంటున్నవాళ్లు ట్రైలర్ ఒకసారి జాగ్రత్తగా చూడండి: ఫాదర్, కారు, చేతిలో కాఫీ కప్పు కనిపిస్తే ఇదే సినిమా.