రిమ్‌ఫైర్ బుల్‌పప్ కొనేవాళ్లూ, అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

పాయింట్ 22 (చిన్న రిమ్‌ఫైర్ తూటా) కాల్చే బుల్‌పప్, అంటే ట్రిగ్గర్ ముందుకి, లోపలి యంత్రాంగం వెనక్కి ఉండే పొట్టి రైఫిల్ కోసం వెతుకుతున్న వాళ్లందరికీ ఈ హెచ్చరిక. "ఫ్యాక్టరీ బుల్‌పప్" అన్న ప్రకటన చూసి డబ్బు కట్టేయకండి. నాకు ఆ మాట చెప్పే అమ్మారు. తీరా విప్పి చూస్తే లోపల ఉన్నది మామూలు సెమీ ఆటోమేటిక్ పాయింట్ 22 రైఫిల్, దానిమీద ఒక ప్లాస్టిక్ తొడుగు. పైన పటారం, లోన లొటారం. వెనక్కి తీసుకోమంటే "మార్పులు చేసిన తుపాకీకి వారంటీ వర్తించదు" అన్నారు. ఆ మార్పులు చేసింది వాళ్లే!

ఇలాంటివి ఎందుకు చెల్లుబాటవుతున్నాయో తెలిసిందే. బుల్‌పప్‌లో మేగజీన్, చాంబర్ (తూటా కూర్చుని పేలే చోటు) ట్రిగ్గర్‌కి వెనక ఉంటాయి కాబట్టి బ్యారెల్ తగ్గకుండానే తుపాకీ పొట్టిగా అవుతుంది. స్టెయర్ ఆగ్, టావోర్ లాంటి పెద్ద తూటా (5.56) బుల్‌పప్‌లు వాడినవాళ్లకి అదే పట్టుతో, అదే బరువుతో చవక తూటాలతో ప్రాక్టీస్ చేసుకోవాలని ఉంటుంది. న్యాయమైన కోరికే. కానీ కంపెనీలు ఈ రకంలో తెచ్చినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. వాల్తర్ కంపెనీ పాయింట్ 22 బుల్‌పప్ జీ22 తయారీ ఎప్పుడో ఆగిపోయింది. టావోర్‌కి పాయింట్ 22 రూపం వచ్చింది. అడిగేవాళ్లు ఎక్కువ, సరుకు తక్కువ. ఈ సందులోకే తొడుగులు అమ్మేవాళ్లు దూరుతున్నారు.

అసలు గొడవంతా ట్రిగ్గర్ దగ్గరే. వేలు ముందు ఉంటుంది, పని జరిగేది వెనక. రెండింటినీ కలిపేది ఒక లింకు కడ్డీ. మంచి బుల్‌పప్‌లో కూడా దీనివల్ల ట్రిగ్గర్ కాస్త మెత్తగా అనిపిస్తుంది, అది సహజం. నాకు అంటగట్టిన దాంట్లో అది సన్నటి కమ్మీ. ట్రిగ్గర్ నొక్కితే ముందు కమ్మీ వంగేది, ఆ తర్వాతే లోపల కదలిక. వేలు తీశాక ఒక్కోసారి ట్రిగ్గర్ ముందుకి వచ్చేది కాదు. సేఫ్టీ బటనేమో పాత చోటే, అంటే చెంప కింద ఉండిపోయింది. కాల్చే చేతికి అందని సేఫ్టీ ఉన్నా లేనట్టే.

ఇంతకంటే భయపెట్టింది ఇంకొకటి. రిమ్‌ఫైర్ తూటాలో పేలే మందు అడుగు అంచులోనే ఉంటుంది. ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టే మొన) నలిపితేనే పేలాలి కాబట్టి ఆ అంచు పల్చగా ఉంటుంది. తూటా వెనక చాంబర్‌ని మూసే బోల్ట్ పూర్తిగా మూసుకోకముందే పేలితే అది చిట్లే ప్రమాదం ఉంది. మామూలు రైఫిల్‌లో ఇది మొహానికి కొంత ముందు జరుగుతుంది. బుల్‌పప్‌లో సరిగ్గా చెంప పక్కనే. నా తొడుగులో చెంప ఆనేచోట అతుకు సరిగా కలవలేదు. ఆ సందులోంచి మసి, సన్నటి సీసం రజను వచ్చి స్టాక్ మీద పేరుకున్నాయి. కళ్లద్దాలు లేకుండా కాల్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే వణుకు పుడుతుంది. ఎడమచేతి వాటం వాళ్లు మరీ జాగ్రత్త, ఖాళీ షెల్స్ ఏ వైపు ఎగిరిపడతాయో ముందే కనుక్కోండి.

5.56 బుల్‌పప్‌లోనే పాయింట్ 22 కాల్చే కిట్ అంటూ వచ్చేవాటి గురించి కూడా ఒక మాట. 5.56 బ్యారెల్‌లో బుల్లెట్‌ని గిర్రున తిప్పే గాడి సాధారణంగా 7 లేదా 9 అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుంది, పాయింట్ 22 బ్యారెల్‌లో 16 అంగుళాలకి. ఆ గాడి పాయింట్ 22 బుల్లెట్ కోసం చేసింది కాదు కాబట్టి గురి మీద పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు.

చట్టం సంగతి అమ్మేవాడు చెప్పడు. ఉదాహరణకి అమెరికాలో ప్రత్యేక రిజిస్ట్రేషన్ లేకుండా రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకి, మొత్తం పొడవు 26 అంగుళాలకి తగ్గకూడదు. తొడుగు వేస్తే మొత్తం పొడవు బాగా తగ్గుతుంది. తేడా వస్తే కేసు పడేది తుపాకీ ఎవరి దగ్గరుంటే వాళ్లమీద. మీరుండే చోట రూల్ ఏమిటో లైసెన్సు అధికారినే అడగండి.

అసలు తయారీదారు పేరు, సీరియల్ నంబర్, వారంటీ ఎవరు ఇస్తున్నారో బిల్లు మీద రాయించుకోండి. తుపాకీ ఖాళీగా ఉందని మీ కళ్లతో చూసుకున్నాక, తొడుగు విప్పి లింకు కడ్డీ, సేఫ్టీ, చెంప దగ్గరి అతుకు చూపించమనండి. విప్పనంటే బేరం అక్కడే ఆపేయండి.