ఫ్లోరెన్సా, నెదర్లాండ్సా? ఐరోపా న్యాయశాస్త్రంలో పీహెచ్‌డీ
ఫ్లోరెన్స్‌లోని యూరోపియన్ యూనివర్సిటీ ఇన్‌స్టిట్యూట్ 1972 ఒప్పందంతో పుట్టి, 1976లో పని మొదలుపెట్టింది. అక్కడ బ్యాచిలర్ డిగ్రీ తరగతుల సందడే ఉండదు. న్యాయ విభాగం ఉన్న విల్లా సాల్వియాతిలోనే యూరోపియన్ యూనియన్ చారిత్రక పత్రాల భాండాగారమూ ఉంది. 1950ల నాటి ఐరోపా బొగ్గు, ఉక్కు సమాజపు (నేటి యూరోపియన్ యూనియన్‌కు తొలి రూపం) కాగితాలు తిరగేయాలనుకునేవారికి అంతకన్నా ఏం కావాలి! చిక్కల్లా డబ్బుతోనే. గ్రాంట్లు చాలావరకు ఇన్‌స్టిట్యూట్ సభ్యదేశాలు తమ పౌరులకే ఇస్తాయి. భారతీయులకు దారి ఇరుకు.

నెదర్లాండ్స్ లెక్క వేరు. లైడెన్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగమే: ఖాళీ ప్రకటన, ఇంటర్వ్యూ, నెల జీతం, పింఛను జమ. కాకపోతే పాఠాలూ చెప్పాల్సి రావచ్చు, అంశాన్ని ప్రాజెక్టువాళ్లే ముందుగా గీసి పెట్టి ఉండొచ్చు. చదువు అప్పు నెత్తిన ఉన్నవాళ్లకు (మనలో ఎందరికి లేదు?) నేనైతే నెదర్లాండ్సే అంటాను. పైగా ఫ్లోరెన్స్‌కు దరఖాస్తు ఏడాదికొక్కసారే. డచ్ ఖాళీలు ఏ నెలలోనైనా పడతాయి.