పాత ఔట్‌బోర్డ్ మోటారు లాగనప్పుడు: త్రెడ్ బిగించే కంప్రెషన్ గేజ్‌పై నా సమీక్ష

నా దగ్గరున్న 25 హార్స్‌పవర్, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారు (బోటు వెనుక బయట బిగించే ఇంజన్) తాడు రెండోసారి లాగగానే స్టార్టవుతుంది, కాస్త వణికినా ఆగకుండా ఐడిల్‌లో తిరుగుతుంది. అయితే కొన్ని నెలలుగా థ్రాటిల్ పూర్తిగా తిప్పినా బోటు ముందుభాగం ఎత్తుకొని నీటి మీద తేలికగా జారే స్థితికి రావడం మానేసింది, ఇంజన్ వేగం నిమిషానికి 4,300 చుట్లకు మించి పెరగడం లేదు. ఇటువంటప్పుడు ఎవరైనా మొదట కార్బ్యురేటర్‌నే అనుమానిస్తారు. నేనూ దాన్ని రెండుసార్లు విప్పి కడిగాను, ప్లగ్గులు మార్చాను, పెట్రోలు ఫిల్టరు కొత్తది వేశాను, ఫలితం మాత్రం కనిపించలేదు. ఇంజన్ లోపలి ఆరోగ్యం తెలియకుండా పైపై భాగాలు మారుస్తూ పోవడం తప్పని గ్రహించిన తరువాతే, సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి అదుముకుంటోందో కొలిచే ఈ కంప్రెషన్ గేజ్ కొన్నాను.

దీనికి ముందు నేను వాడినది రబ్బరు కొనను ప్లగ్ రంధ్రానికి చేత్తో అదిమిపట్టే రకం. ఒక చేత్తో దాన్ని అదుముతూ మరో చేత్తో స్టార్టర్ తాడు లాగాలి కనుక పట్టు ఏమాత్రం సడలినా గాలి జారిపోయి, లాగిన ప్రతిసారీ ఒక కొత్త అంకె వచ్చేది. ఈ గేజ్ గొట్టం చివర 14 మిల్లీమీటర్ల త్రెడ్ ఉంది. స్పార్క్ ప్లగ్‌లాగే చేత్తో తిప్పి బిగిస్తే చాలు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, గాలిని పట్టి ఉంచే చిన్న వాల్వు మీటరు దగ్గర కాకుండా త్రెడ్ కొనలోనే ఉండటం. వాల్వు మీటరు వైపు ఉంటే గొట్టంలోని ఖాళీ కూడా సిలిండర్ ఖాళీతో కలిసిపోతుంది. కారు ఇంజన్‌లో ఆ తేడా పెద్దగా తెలియకపోవచ్చు గాని, చిన్న ఔట్‌బోర్డ్ సిలిండర్‌లో అంకె ఉన్నదానికన్నా స్పష్టంగా తక్కువ చూపిస్తుంది, బాగున్న ఇంజన్ కూడా అరిగిపోయినట్టు కనబడుతుంది.

పరీక్ష ఇలా చేశాను. మోటారును నీళ్లలోనే ఉంచి వేడెక్కేదాకా నడిపి ఆపిన తరువాత రెండు ప్లగ్గులూ తీసి, వాటి వైర్లను ఇంజన్ బాడీకి ఎర్త్ చేశాను. వైర్లను గాలిలో వదిలేసి తాడు లాగితే ఇగ్నిషన్ కాయిల్ దెబ్బతినవచ్చు. చాలా మోటార్లలో న్యూట్రల్‌లో థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోదు కనుక కార్బ్యురేటర్ రెక్కను వేలితో తెరిచి పట్టుకోవాలి, లేకపోతే లోపలికి తగినంత గాలి అందదు. ముల్లు ఇక కదలడం లేదని తేలేవరకు, అంటే ఐదారు లాగుళ్లు, రెండు సిలిండర్లకూ ఒకే విధంగా లాగాను. పై సిలిండర్ 118 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చూపింది, కింది సిలిండర్ 82 దగ్గరే నిలిచిపోయింది. మూడుసార్లు తిరిగి చేసినా అంకెలు రెండు పీఎస్ఐకి మించి మారలేదు. ఈ పరికరాన్ని నేను మెచ్చుకోవడానికి మొదటి కారణం ఈ నిలకడే. ఒక సిలిండర్ ఎంత చూపిందన్నదానికన్నా రెండింటి మధ్య తేడా ఎంతన్నదే అసలు ప్రశ్న, అది పది శాతం దాటితే లోపల ఏదో జరిగిందని అర్థం.

తరువాత కింది సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే ముల్లు 104కు ఎక్కింది. పిస్టన్ చుట్టూ ఉండి గాలి జారకుండా ఆపే రింగుల దగ్గర ఆయిల్ చేరి సందులు మూస్తుంది కనుక అంకె పెరిగితే అనుమానం రింగుల మీదకు పోతుంది. సిలిండర్‌కూ దాని పైమూతకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయి ఉంటే ఇంతగా పెరగదు. ఎగ్జాస్ట్ పక్క మూత విప్పి, పోర్టులోంచి సన్నని చెక్కపుల్లతో రింగును నొక్కి చూశాను. పై సిలిండర్ రింగు స్ప్రింగులా లోపలికి వెళ్లి వెంటనే బయటికి వచ్చింది. కింది రింగు నల్లటి గట్టి కార్బన్‌లో కూరుకుపోయి గాడికి అతుక్కుని కదలనేలేదు. అదృష్టవశాత్తు పిస్టన్ మీద గాని, సిలిండర్ గోడ మీద గాని గీతలు పడలేదు. కార్బన్ కరిగించే ద్రవం ప్లగ్ రంధ్రం గుండా పోసి రాత్రంతా నానబెట్టి, మరునాడు నడిపి, ఇదంతా రెండుసార్లు చేశాక కింది సిలిండర్ 109 చూపింది. బోటు మళ్లీ నీటి మీదికి లేచింది, ఇంజన్ 5,100 చుట్లు అందుకుంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేనిది.

అయితే ఈ గేజ్ చెప్పలేనివి కూడా ఉన్నాయి. టూ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ కింద ఉండే గది, అంటే క్రాంక్ కేసు కూడా పెట్రోలు మిశ్రమాన్ని అదిమి పైకి పంపాలి; అక్కడి సీళ్లు కారుతున్నా, మిశ్రమాన్ని వెనక్కి పోనివ్వని పలుచని రేకులైన రీడ్ వాల్వులు విరిగినా సిలిండర్ అంకె సరిగానే ఉండి ఇంజన్ మాత్రం దమ్ము లేకుండా తిరుగుతుంది. ఒక మిత్రుడి మోటారుకు ఇదే గేజ్ బిగిస్తే 120, 117 వచ్చాయి, ఇంజన్ చుట్లు కూడా బాగా పెరిగాయి, కాని బోటు కదలలేదు. ప్రొపెల్లర్ మధ్య కడ్డీ నుంచి రెక్కల వైపు పెయింటుతో ఒక నిలువు గీత గీసి నడిపి చూస్తే, గీత రెండు ముక్కలై పక్కకు జరిగింది. మధ్య కడ్డీని రెక్కలతో కలిపి తిప్పే లోపలి రబ్బరు బుష్ జారుతోందని తేలింది. వేగం తగ్గుతున్న క్షణంలో పెట్రోలు గొట్టంలోని చేతి బల్బును నొక్కితే ఇంజన్ మళ్లీ ఎత్తుకుంటోందంటే కంప్రెషన్‌ను కాదు, పెట్రోలు పంపును, ట్యాంకు గాలి రంధ్రాన్ని, లోపల పొరలు ఊడిన పాత గొట్టాన్ని చూడాలి.

పరికరంలో లోపాలు చెప్పాలంటే, డయల్ 300 పీఎస్ఐ వరకు ఉండటంతో మనకు కావలసిన 80 నుంచి 130 వరకు గీతలు ఒక చిన్న మూలలో ఇరుక్కున్నాయి, మసక వెలుతురులో చదవడం కష్టం. కొనేముందు మీ మోటారు ప్లగ్ త్రెడ్ పొడవు తప్పక చూసుకోండి; పొట్టి త్రెడ్ ఉన్న హెడ్‌లో పొడవాటి కొన బిగిస్తే అది పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది. కొనలోని వాల్వు పిన్ను పాడైతే టైరు వాల్వు పిన్ను పెట్టవద్దు, దాని స్ప్రింగు గట్టిది కనుక అంకె తగ్గించి చూపుతుంది. గేజ్‌తో పాటు విడి పిన్ను ఒకటి, రబ్బరు రింగులు రెండు ఇచ్చి ఉంటే బాగుండేది. ఏడాది వాడకానికే నా గేజ్ రబ్బరు రింగు గట్టిపడి గాలి వదలడం మొదలుపెట్టింది, దానికి సరిపడే రింగు కోసం నేను విడిగా వెతకవలసి వచ్చింది.