ఒర కుట్టడానికి తోలు కొంటున్నారా? కోసే ముందు అంచు చూడండి

కత్తి ఒరలు కుట్టడం నేర్చుకుంటూ ఆన్‌లైన్‌లో తోలు తెప్పించుకునేవాళ్ళు ఇది చదివాకే డబ్బు కట్టండి. నాకు 2,400 రూపాయలు, మూడు ఆదివారాలు పోయాయి.

మా నాన్న తోటలో వాడే కత్తికి ఒర కుడదామనుకున్నాను. మా ఊరి కమ్మరి లారీ కమాను పట్టీతో కొట్టిచ్చిన కత్తి అది. 'వెజిటబుల్ ట్యాన్డ్, ఫుల్ గ్రెయిన్, మందం 3.5 మిల్లీమీటర్లు' అని పెట్టిన తోలు తెప్పించాను. వెజిటబుల్ ట్యాన్డ్ (వెజ్ ట్యాన్) అంటే చెట్టు బెరడుతో పదును చేసినది, ఫుల్ గ్రెయిన్ అంటే పైపొర గీకనిది. వచ్చిన ముక్క తేనెరంగులో నున్నగా మెరుస్తోంది. కొలిస్తే 2.2 మిల్లీమీటర్లే. అప్పుడే వెనక్కి పంపాల్సింది. నాన్న పండగకి వచ్చేలోపు అయిపోవాలని కోసేశాను.

కుట్టు బాగానే కుదిరింది. ఆరెతో బెజ్జాలు పొడిచి, మైనం పట్టించిన దారంతో రెండు సూదుల కుట్టు వేశాను. అసలు బాధ అంచు దగ్గర మొదలైంది. అంచు నున్నగా మెరవాలని 220, 400, 600 నంబర్ల గరుకు కాగితాలతో వరసగా రుద్దాను. తడిచేసి కొయ్యతో గంటసేపు రాపిడి పెట్టాను. తడి ఆరగానే పీచు మళ్ళీ లేచి నిలబడేది. నా చేతిలో పనితనం లేదేమోనని రెండు ఆదివారాలు అదే చేశాను. మూడోసారి విసుగొచ్చి అంచు కొత్తగా కోస్తే మధ్యలో సన్నగా నీలి బూడిదరంగు గీత కనబడింది. అది క్రోమ్ లవణాలతో పదును చేసిన తోలు, వెజ్ ట్యాన్ కాదు. పైన రంగు వేశారంతే.

తేడా ఎందుకంటే, చెట్టు బెరడుతో ఊనిన, అంటే పదును చేసిన, తోలు గట్టిగా ఉంటుంది. తడిచేసి రాపాడిస్తే పీచు అణిగి, ఒకదానికొకటి అతుక్కుని గాజులా మెరుస్తుంది. మన వైపు తంగేడు చెక్క, కరక్కాయ ఎప్పటినుంచో ఇందుకే వాడారు. క్రోమ్ లవణాలతో ఊనిన తోలు మెత్తన, సాగుతుంది. సంచులకీ జాకెట్లకీ మంచిదే. ఒరకి మాత్రం పనికిరాదు. తడిపి కత్తి ఆకారానికి ఒత్తితే ఆరాక ఆ రూపు నిలవదు. పైగా అందులో మిగిలిపోయే లవణాలు కార్బన్ ఉక్కుకి పడవు. నాన్న కత్తి మీద మూడు వారాల్లోనే తుప్పు చుక్కలు లేచాయి. నాకు ఎక్కువ బాధ కలిగింది అక్కడే. ఏ తోలు ఒరలోనైనా కత్తిని నెలల తరబడి వదిలేయకూడదు నిజమే, కానీ ఇది మూడు వారాల మాట.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. మందం నాలుగు చోట్ల కొలవండి. అంచుని దగ్గరగా చూడండి, లోపలిదాకా ఒకే గోధుమరంగు ఉండాలి. మొత్తం రంగు ఎక్కించేస్తే నీలి గీత కనబడకపోవచ్చు, అందుకే వెనకవైపు మూలన ఒక నీటిచుక్క వేయండి. వెజ్ ట్యాన్ తోలైతే చుక్క ఇంకి నల్లబడుతుంది, తడిమీద గోరుతో నొక్కితే గుర్తు నిలుస్తుంది. పైన మెరుపు పూత ఉంటే చుక్క జారిపోతుంది, అందుకే పైవైపు చూసి ఏదీ తేల్చకండి. కోశాక మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోరు, నాకు అమ్మినవాడు ఆ ఒక్కమాటే పట్టుకు కూర్చున్నాడు.

కోయకముందే తేడా దొరికితే గట్టిగా అడగండి. చెప్పిన లక్షణాలు లేని సరుకుని వెనక్కి తీసుకోనంటే కుదరదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను ఆలస్యంగానైనా చేశాను, ఫిర్యాదు నమోదైంది.

ఇప్పుడు కొత్త దుకాణంలో ముందు అరచేతి వెడల్పు ముక్క పంపమని అడిగాను, ఖరీదు ఇస్తానన్నాను. పంపారు. దాని అంచు పది నిమిషాల్లో మెరిసింది. మీ దగ్గర ఇప్పటికే తేనెరంగు ముక్క ఉండి, వాపసు గడువు ఇంకా మిగిలి ఉంటే ఈ రాత్రికే అంచు చూసుకోండి.