హెరిటేజ్ సూట్ 2,400, చేపల ప్లేటు 180: మా గద్వాల ప్రయాణం

గద్వాలలో మేం దిగిన లాడ్జి పేరు రాయను. అక్కడ రెండు రకాల గదులున్నాయి. మామూలు గది 1,600 రూపాయలు, ‘హెరిటేజ్ సూట్’ 2,400. బర్మింగ్‌హామ్ నుంచి సెలవు మీద వచ్చిన మా బావకు ఆ రెండో పేరు వినగానే ముఖం వెలిగిపోయింది. అక్క వద్దంటున్నా అదే తీసుకున్నాడు. నేనూ మా ఆవిడా పక్కనే మామూలు గదిలో దిగాం.

తాళం తీసి చూస్తే రెండు గదులకూ తేడా ఒక్కటే. బావవాళ్ల మంచం వెనక గోడ మీద గద్వాల కోట ఫొటోతో ఫ్లెక్సీ అతికించారు. ఎన్నికల ఫ్లెక్సీలు కొట్టే చోటే కొట్టించినట్టున్నారు, కింద మూలన ప్రింటింగ్ వాళ్ల ఫోన్ నంబర్ కూడా అలాగే ఉంది. వెనక గోడంతా చెమ్మ. కోట బురుజు ఉన్న చోట వేలితో నొక్కితే ఫ్లెక్సీ లోపలికి పోయింది, లోపల సున్నం రాలిన చప్పుడు వినిపించింది. బాత్రూంలో కొత్త టైల్స్ వేశారు గానీ కుళాయి తిప్పితే పిడి చేతికొచ్చింది. గీజర్ పొద్దున ఆరు నుంచి ఏడు దాకానే పనిచేస్తుందట, అది కూడా ఎవరో ఒకళ్లే వాడుకోవాలట. రాత్రి పదిన్నరకు కరెంటు పోతే జనరేటర్ కారిడార్ లైట్లకే వచ్చింది.

కింద కౌంటర్ దగ్గరున్న కుర్రాడిని బావ ఇంగ్లిషులో నిలదీశాడు. ఆ అబ్బాయి ఓపిగ్గా విని, తెలుగులో తేల్చేశాడు. “సార్, హెరిటేజ్ అంటే గంతే సార్. ఫొటో ఉంటది.”

800 రూపాయలు ఆ ఫొటోకి. బావ ఆ రాత్రంతా అలిగే ఉన్నాడు. అక్క మాత్రం “నేను ముందే చెప్పిన” అన్న మాటను రకరకాలుగా తిప్పి తిప్పి అంటూ హాయిగా నిద్రపోయింది.

ఇందులో బావ బాధ డబ్బు గురించి కాదు. ఆయన ఇంగ్లండ్‌లో వారమంతా కంప్యూటర్ ఉద్యోగం చేసుకుని, శనివారాలు సెవర్న్ వ్యాలీ రైల్వేలో జీతం లేకుండా పనిచేస్తాడు. కిడర్‌మిన్‌స్టర్ నుంచి బ్రిడ్జ్‌నార్త్ దాకా 16 మైళ్ల దారి అది. అక్కడి ప్రభుత్వ రైల్వే 1963లో ప్రయాణికుల బండ్లు ఆపేస్తే, 1965లో జనం సంఘం పెట్టుకుని, చందాలు వేసుకుని, 1970 నుంచి మళ్లీ ఆవిరి బండ్లు నడుపుతున్నారు. బావ మొదట్లో ఇంజన్ కింద దూరి గ్రీజు తుడిచేవాడు, ఇప్పుడు ఫైర్‌మన్‌గా బొగ్గు వేస్తున్నాడు. డ్రైవర్ కావాలంటే ఇంకా ఏళ్లూ పరీక్షలూ ఉన్నాయట. పైగా సభ్యత్వానికి తనే డబ్బు కడతాడు. “ఇంట్లో గిన్నె కడగడు, ఇంజన్ కడుగుతాడు” అని అక్క రెండు రోజులకోసారి అంటుంది. అలాంటి మనిషికి హెరిటేజ్ పేరుతో చెమ్మ గోడ చూపిస్తే ఎలా ఉంటుంది?

అసలు మేం బయల్దేరిందే రైళ్ల కోసం. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ దాకా రాయడానికేం లేదు, బండి టైముకొచ్చింది, టైముకు దింపింది. కాచిగూడ స్టేషన్ గుమ్మటాల దగ్గర బావ అరగంట ఫొటోలు తీశాడు. 1916 నాటి భవనం, తీయాల్సిందే. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి మా ఆవిడకు బాగా నచ్చింది. 2018లో ఆ పాత మర్రిచెట్టుకు చెదలు పడితే సెలైన్ సీసాలు వేలాడదీసి బొట్టు బొట్టుగా మందు ఎక్కించి బతికించారు. సర్కారు డబ్బు, దానితో పాటు పక్కనుండి చూసుకునే మనిషి, రెండూ కలిస్తే ఏమవుతుందో అక్కడ చూడొచ్చు.

మహబూబ్‌నగర్ నుంచి గద్వాలకు ప్యాసింజర్ బండిలో తలకు 20 రూపాయలు. మొత్తం ప్రయాణంలో పెట్టిన ఖర్చులో ఇంత సార్థకమైంది ఇంకోటి లేదు. మన్యంకొండ, దేవరకద్ర, కురుమూర్తి, వనపర్తి రోడ్ దాటుతుంటే ఎర్ర చెల్కలు, గుండ్లు, మధ్యలో వరి మడులు. గద్వాలకు ముందు కృష్ణమ్మ మీది బ్రిడ్జి వచ్చేసరికి బోగీ అంతా కిటికీల వైపు ఒరిగింది. ఎదురు సీట్లోని పెద్దమ్మ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసి, కళ్లకద్దుకుని, కిటికీ ఊచల మధ్య నుంచి నీళ్లలోకి వేసింది. నిజాం కాలంలో మీటర్ గేజ్‌గా వేసిన దారి ఇది, 1990ల్లో బ్రాడ్ గేజ్ అయింది. వందేభారత్ కూడా ఈ దారినే యశ్వంత్‌పూర్ పోతుంది, కానీ దాని అద్దాలు తెరుచుకోవు. బ్రిడ్జి చూడాలంటే ప్యాసింజరే ఎక్కండి.

గద్వాల స్టేషన్ బయట టీ బండి దగ్గర ఒక పెద్దాయన మాటల్లో కలిశాడు. రిటైరైన గ్యాంగ్‌మన్, అంటే రైలు పట్టాలు చూసుకుని బాగుచేసే మనిషి. బావ ఫోన్లో తన ఇంజన్ ఫొటోలు చూపిస్తే ఒక్కొక్కటీ వేళ్లతో పెద్దది చేసి చూశాడు. ఇంజన్ కంటే కింద పట్టాల మీదే ఆయన చూపంతా. జీతం లేకుండా నడుపుతారంటే మాత్రం ఆశ్చర్యపోలేదు.

“మాకు పింఛన్ వస్తది. జీతం ఎవలకు గావాలె? ఓ ఇంజన్ ఇయ్యమను, నాలుగు డబ్బాలియ్యమను, ఐతారం ఐతారం మేమే నడుపుతం. కని పట్టా ఇరిగితే పైసలెవలియ్యాలె సారూ?”

బావ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత 2007 సంగతి చెప్పాడు. ఆ ఏడాది జూన్‌లో కుండపోత వానలకు సెవర్న్ వ్యాలీ కట్టలు చాలా చోట్ల కొట్టుకుపోయాయి, పట్టాలు గాల్లో వేలాడాయి. బండి తుడవడానికి, టికెట్లు కొట్టడానికి వలంటీర్లు ఎంతమందైనా వస్తారు, కొండచరియ నిలబెట్టడం వాళ్ల చేతుల్లో లేదు. విరాళాలు వచ్చాయి, వాటితో పాటు ప్రభుత్వ గ్రాంట్లు కూడా వస్తేనే 2008 మార్చిలో దారి మొత్తం తెరిచారు. కరోనాలో బండ్లు ఆగినప్పుడూ అంతే. అక్కడి సర్కారు 2020లో సంస్కృతి, వారసత్వ సంస్థల కోసం 157 కోట్ల పౌండ్ల నిధి పెట్టింది, అందులోంచి ఇలాంటి రైళ్లకూ సాయం అందింది. మామూలు రోజుల్లో లాటరీ టికెట్ల డబ్బులోంచి వారసత్వ నిధి ఒకటుంది. “మన దగ్గర లాటరీ పెడితే పోలీసులొస్తరు” అంది అక్క.

మన దగ్గరా కొండ రైళ్లున్నాయి. డార్జిలింగ్‌కు 1999లో, నీలగిరికి 2005లో, కాల్కా-సిమ్లాకు 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కానీ అన్నీ రైల్వే శాఖే నడుపుతుంది, నష్టమొస్తే దాని ఖాతాలోనే. ఇలాంటి దారుల్లో హైడ్రోజన్‌తో బండ్లు నడపాలని రైల్వే పెట్టుకున్న ‘హైడ్రోజన్ ఫర్ హెరిటేజ్’ పథకం కింద 35 బండ్లకు ఒక్కోదానికి 80 కోట్లు అంచనా వేశారు. దక్షిణ తెలంగాణలో ఒక పాత ఇంజన్‌ను ఆదివారం కాసేపు నడపడానికి ఆ 80 కోట్లలో వడ్డీ చాలు.

ఇక్కడ బావతో నాకు పడలేదు. మనవాళ్లకు స్వచ్ఛంద సేవ అలవాటు లేదంటాడాయన. 2016 కృష్ణా పుష్కరాల్లో బీచుపల్లి ఘాట్ దగ్గర మజ్జిగ పోసిందెవరు? దీపావళి వెళ్లాక కురుమూర్తి జాతరకు పోయి చూడమనండి, అన్నదానం పందిళ్లలో వడ్డించేవాళ్లకు జీతమెవరిస్తున్నారు? మనుషులున్నారు. వాళ్ల చేతికి తాళం చెవి ఇచ్చేవాళ్లు లేరు, ఏడాదికింత అని మరమ్మతుకు డబ్బిచ్చేవాళ్లూ లేరు. మన నిధులన్నీ ఒక్కసారే వస్తాయి, శిలాఫలకంతో సహా. గ్రానైటు, రంగులు, సెల్ఫీ బోర్డు పడతాయి, రెండో ఏడాది బాత్రూంకు తాళం పడుతుంది. లాడ్జి కుర్రాడి సిద్ధాంతమే పై స్థాయిలో కూడా నడుస్తోందని నా అనుమానం.

అలంపురంలో ఆ కోపం కొంత దిగింది. బాదామీ చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు ఎలాగూ గొప్పవే. నాకు నచ్చింది సంగమేశ్వరాలయం. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి, నంబర్లేసి, తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. తలచుకుంటే మన ప్రభుత్వానికి చేతకాని పనేం కాదు ఇది. జోగులాంబ దర్శనం హాయిగా అయింది. గద్వాల నుంచి ఆటో రానుపోను 1,400 అడిగాడు, 1,200కు ఒప్పుకున్నాడు. అలంపురం దగ్గర హాల్ట్ స్టేషన్ ఉంది గానీ బండి టైములు దర్శనం టైములకు కుదరవు.

మా ఆవిడ గద్వాలలో నేతగాళ్ల ఇంట్లోనే చీర కొంది, నూలు ఒళ్లు, పట్టు అంచు, 9,500. షాపులో అలాంటిదే 12,000 చెప్పారు. ఆ తర్వాత ఆవిడకు లాడ్జి మీద కూడా కోపం లేకపోయింది.

ఇక జూరాల. డ్యాం చూద్దామని వెళ్లాం, ఆటోకి 600. గేట్లు మూసే ఉన్నాయి, డ్యాం చూడటం పది నిమిషాల్లో అయిపోయింది. పక్కనే రేకుల షెడ్లలో చేపలు వేయిస్తున్నారు. ఒకామె పొద్దున పట్టిన చేపను మా ముందే ముక్కలు కోసి, ఒక్కో ముక్కకు కత్తితో అడ్డంగా మూడు గాట్లు పెట్టి, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మకాయ పిండిన ముద్దను బొటనవేలితో ఆ గాట్లలోకి కూరింది. వెడల్పు పెనం మీద నూనె పొగలు రాగానే వేసి, అంచులు నల్లబడేదాకా తిప్పలేదు. తొందరపెట్టిన బావకు “ఆగు బిడ్డా, ఇప్పుడు తిప్పితే ఇరుగుతది” అని గట్టిగానే చెప్పింది. ప్లేటు 180, జొన్న రొట్టె 20, పచ్చిపులుసు ఉచితం. లోపల తెల్లగా, మెత్తగా, ముల్లు దగ్గర కూడా కారం అంటి ఉంది. నలుగురం ఆరు ప్లేట్లు తిన్నాం. ఇంగ్లండ్‌లో చేపలు, ఆలుగడ్డ చిప్స్ తినీ తినీ నాలుక మొద్దుబారిందని బావే ఒప్పుకున్నాడు. బోర్డు లేదు, ఫ్లెక్సీ లేదు, సర్కారు గ్రాంటు అసలే లేదు. తాగునీళ్లు, చేతులు కడుక్కునే చోటు మాత్రం సరిగా లేవు. ఆ రెండూ ఎవరైనా చేసిపెడితే చాలు.

వెళ్లేవాళ్లు ఆదివారం వద్దు, హైదరాబాద్ కార్లన్నీ అక్కడే ఉంటాయి. ఒంటి గంట లోపు చేరితేనే పెద్ద చేపలు. రాత్రికి గద్వాలలో ఉండకుండా సాయంత్రం బండికి మహబూబ్‌నగర్ వచ్చేయడం మేలు. ఉండాల్సి వస్తే గది చూశాకే డబ్బివ్వండి, పేరు చూసి ఇవ్వకండి. ఖాళీ చేసేటప్పుడు 800 వెనక్కి అడిగాం. 300 ఇచ్చారు, అదీ అక్క కౌంటర్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాక.

తిరుగు ప్రయాణంలో బావ రైల్వే హైదరాబాద్ డివిజన్‌కు ఉత్తరం మొదలుపెట్టాడు, గద్వాల లైన్‌లో ఆదివారాలు పాత ఇంజన్ నడపడానికి అనుమతి కోరుతూ. మొదటి పేరా అంతా ఇంజన్ మీదే రాశాడు. అది కొట్టేయించి, పట్టాల మరమ్మతు ఖర్చు ఎవరిదో ముందు తేల్చమని గ్యాంగ్‌మన్ పెద్దాయన అడిగిన ప్రశ్ననే మొదటి వాక్యంగా పెట్టించాను.